చిగురేసిన రెండు నెలలకే మోడుబారిన కానుగలు: ఒక కేస్ స్టడీ

కానుగ ఎండాకాలంలో ఆకు రాల్చే చెట్టు కాదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పాత ఆకంతా దులుపుకుంటుంది, కొద్ది వారాల్లోనే లేత ఆకుపచ్చ చిగురుతో నిండిపోతుంది, ఎండలు ముదిరే సమయానికి చిక్కటి నీడ ఇస్తుంది. దారుల పక్కన దాన్ని నాటేదే అందుకోసం. అలాంటిది ఒక విద్యాసంస్థ ఆవరణలో ఏప్రిల్ చివరికల్లా కానుగల కింద కొత్త ఆకు గుట్టలు గుట్టలుగా పడుతోందని, చెట్లకు ఏదో తెగులు పట్టిందని, వచ్చి మందు చెప్పమని కబురు వచ్చింది. చెట్ల సంరక్షణ నా వృత్తి. ఎండాకాలం మొదట్లో వచ్చే ఇలాంటి పిలుపుల్లో నిజంగా మందుతో తీరేవి చాలా తక్కువ.

ఆవరణలో లోపలి రోడ్డుకు రెండు పక్కలా 21 చెట్లున్నాయి. తూర్పు వరుసలో 11, పడమటి వరుసలో 10. ఆకు గుట్టలుగా రాలుతున్నది పడమటి వరుసలో. నాటి పాతికేళ్లు దాటింది, అంటే కానుగకు ఇంకా పడుచుదనమే. ఛాతీ ఎత్తున మాను అడ్డుకొలత 35 నుంచి 42 సెంటీమీటర్లు. నేను వెళ్లేసరికే రెండు విడతలు పురుగుమందు కొట్టారు. కారణం అడిగితే తోటపని చూసే పెద్దాయన ఒక ఆకు తెంపి చేతిలో పెట్టాడు. దాని నిండా చేతివేళ్లలా పొడుచుకొచ్చిన బొడిపెలు.

ఆ బొడిపెలు కానుగను పట్టించుకున్నవాళ్లందరికీ తెలిసినవే. అసేరియా పొంగామియే అనే నల్లి వల్ల వస్తాయి. అది మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదేమో, కంటికి ఆనదు. ఆకు లేతగా ఉన్నప్పుడు చేరి రసం పీలిస్తే ఆ చోట ఆకు కణాలు ఉబ్బి బొడిపె కడతాయి, నల్లి దాని లోపల కాపురం ఉంటుంది. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కాబట్టి నింద దాని మీదికి తేలిగ్గా పోతుంది. కానీ రోడ్డు దాటి తూర్పు వరుస చూస్తే అక్కడా ఆకుకు అవే బొడిపెలు, దాదాపు అంతే సంఖ్యలో. చెట్లు మాత్రం నిండుగా ఉన్నాయి. బొడిపెలు రెండు వరుసల్లోనూ ఉండి ఆకు ఒక వరుసలోనే రాలుతుంటే, రాల్చేది బొడిపె కాదు. ఈ పోలిక చేయడానికి పరికరం అక్కర్లేదు. అయినా చాలామంది చేయరు, ఎందుకంటే జబ్బు చెట్టు దగ్గర నిలబడ్డవాళ్లు బాగున్న చెట్టు వైపు చూడరు.

రాలిన ఆకు ఏం చెప్పింది

పడమటి వరుస కింద కూర్చుని రాలిన ఆకు ఏరాను. కానుగ ఆకు ఒక కాడకు ఐదు, ఏడు రెబ్బలుగా ఉంటుంది. కింద పడ్డవాటిలో ఎక్కువ విడి రెబ్బలే. కొన్ని పసుపు, కొన్ని సగం పసుపు, కొన్ని పూర్తిగా పచ్చగా ఉండగానే రాలాయి. రెబ్బ మొదట్లో ఉబ్బెత్తు కీలు దగ్గర చూస్తే చిరుగు, పీచు ఏమీ లేవు, కోసినట్టు నున్నగా ఉంది. కొమ్మ మీద ఆ కాడ ఊడిన చోట కూడా అంతే, పొడిగా, మూసుకుపోయిన మచ్చ.

ఇది చాలా ముఖ్యమైన గుర్తు. ఆకు తనంతట తాను ఊడిపోదు, చెట్టు దాన్ని వదిలించుకుంటుంది. కాడ మొదట్లో పలుచటి పొర ఒకటి ముందునుంచే సిద్ధంగా ఉంటుంది. ఆకు ఆరోగ్యంగా ఉన్నంతకాలం అందులోంచి ఆక్సిన్ అనే హార్మోను కాడ గుండా దిగుతూ ఆ పొరను కదలకుండా ఉంచుతుంది. ఆకు కష్టంలో పడి ఆక్సిన్ తగ్గితే ఇథిలీన్ ప్రభావం పైచేయి అవుతుంది. అప్పుడు ఆ పొరలోని కణాల మధ్య జిగురును కరిగించే ఎంజైములు పుడతాయి, ఆకు ఊడుతుంది, ఊడిన చోట బెండులాంటి పొర కట్టుకుంటుంది. ఇదంతా జరగాలంటే ఆ కొమ్మ బతికి ఉండాలి. కొమ్మే హఠాత్తుగా చస్తే ఆకు రాలదు. గోధుమరంగులో ఎండి, ముడుచుకుపోయి, నెలల తరబడి అక్కడే వేలాడుతుంది.

కాబట్టి నేను వెళ్లగానే మోడైన కొమ్మల కోసం వెతకను, ఎండిన ఆకు వేలాడుతున్న కొమ్మల కోసం వెతుకుతాను. పడమటి వరుసలో మూడు చెట్లకు అలాంటి కొమ్మలు కనిపించాయి. గోటితో గీరి చూస్తే బెరడు కింద పచ్చదనం లేదు, గోధుమరంగు పొడి. మిగతా ఏడు చెట్ల కొమ్మలు ఆకు లేక బోసిగా ఉన్నా గీరితే తడిగా, పచ్చగా ఉన్నాయి. సంస్థవాళ్లు ఎక్కువ భయపడింది ఆ బోసి చెట్ల గురించి. నా దిగులు ఆ మూడింటి గురించి.

పచ్చగా ఉండగానే రాలిన రెబ్బల్లో ఇంకో సంగతి ఉంది. మామూలు ఆకురాలు కాలంలో చెట్టు ఆకును వదిలే ముందు అందులోని నత్రజని, భాస్వరం సగటున సగం దాకా వెనక్కి లాక్కుంటుంది. ఆకు పసుపు తిరగడం ఆ పనిలో భాగమే. పచ్చటి ఆకు రాల్చిందంటే ఆ తీరిక కూడా దొరకలేదన్నమాట. నీళ్లు ఆవిరైపోయే ఆకు విస్తీర్ణాన్ని తక్షణం తగ్గించుకోవడమే దాని అవసరం.

ఎక్కడ రాలింది, ఏ వైపు

ఏ చెట్టులో ఏ భాగం పలచబడిందో కాగితం మీద గీసుకున్నాను. పడమటి వరుసలో తల భాగం, బయటి వైపు కొమ్మలు ఎక్కువగా బోసిపోయాయి. రోడ్డు వైపు కింది కొమ్మలకు ఇంకా ఆకుంది. వరుసలో ఉత్తరపు కొసన ఉన్న రెండు చెట్లు మిగతావాటికంటే నయం. తూర్పు వరుసలో అక్కడక్కడ కొంచెం పలుచన, అంతే. అదే ఆవరణలో ఉన్న వేపలు, రావి నిక్షేపంగా ఉన్నాయి.

తెగులైతే ఇంత గీత గీసినట్టు ఉండదు. గాలిలో తేలే శిలీంధ్రానికి పది అడుగుల రోడ్డు అడ్డం కాదు. ఆకుల మీద మచ్చలు, ఈనెల వెంట మాడిన చారలు లేవు. అంచులు మాడలేదు, అందువల్ల ఉప్పు నీటి అనుమానమూ నిలవలేదు. అయినా బోరునీటి లవణత కొలిపించాను, మీటరుకు 0.9 డెసిసీమెన్స్ వచ్చింది (నీటిలో ఉప్పును కొలిచే ప్రమాణం ఇది). సాగునీటిలో 0.7 లోపు నిశ్చింత, 3 దాటితే తీవ్ర సమస్య, కనుక ఇది పెద్దగా లెక్కచేయాల్సింది కాదు. కలుపుమందు తగిలితే లేత ఆకు మెలితిరుగుతుంది, గిన్నెలా ముడుచుకుంటుంది, అదీ లేదు. ఒక కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి తట్టి చూస్తే రెండు చెట్లలో మాత్రం కదిలే చుక్కలు చాలా పడ్డాయి. ఇవి బొడిపెల నల్లి కాదు, ఆకు అడుగున రసం పీల్చే ఎర్రనల్లి. ఆ రెండూ పురుగుమందు గట్టిగా తడిసిన చెట్లే. కొన్ని పురుగుమందులు ఎర్రనల్లిని తినే మిత్ర కీటకాలను చంపి ఎర్రనల్లిని వదిలేస్తాయి. దుమ్ము, ఎండ తోడైతే దానికి పండగే. ఆకురాలడానికి మూలం ఇది కాదు గానీ, ఉన్న కష్టానికి మందు డబ్బు పెట్టి తెచ్చుకున్న అదనం.

ఇక కిందికి చూడటమే మిగిలింది.

నేల

పడమటి వరుస వెంబడి, మానుకు బయటి వైపు, గడ్డి పలచగా ఉన్న పొడవాటి పట్టీ ఒకటి నేరుగా పోతోంది. మట్టి రంగు వేరు, మధ్యలో కంకర ముక్కలు. అడిగితే, కిందటి అక్టోబరులో వానలు వెనకపట్టాక కేబుళ్ల కోసం తవ్వారని తెలిసింది. ఉత్తరపు కొసన ఆ కందకం పక్కకు తిరిగిపోయింది. నయంగా ఉన్న ఆ రెండు చెట్లూ సరిగ్గా అక్కడివే. రోడ్డు వైపు నడకదారికి అదే సమయంలో పేవర్ బ్లాకులు పరిచారు, కింద రాతిపొడి పోసి యంత్రంతో అదిమారు. తూర్పు వరుసకు పేవర్ బ్లాకులు తగిలాయి, కందకం తగల్లేదు.

కందకం మాను మధ్య నుంచి 1.2 మీటర్ల దూరంలో ఉంది, లోతు ముప్పావు మీటరు. ఇక్కడ లెక్క చెప్పాలి. ఛాతీ ఎత్తున మాను అడ్డుకొలతకు పన్నెండు రెట్ల దూరం వరకు వేళ్ల రక్షణ మండలంగా తీసుకోవాలని బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5837 చెబుతుంది. చెట్ల పనివాళ్లు చాలా చోట్ల వాడే కొలత అదే. ఈ చెట్లకు అది 4.2 నుంచి 5 మీటర్లు. మూడు రెట్ల లోపల తవ్వితే ఆకు సంగతి అటుంచి చెట్టు నిలబడే బలమే దెబ్బతింటుంది. 42 సెంటీమీటర్ల మానుకు మూడు రెట్లంటే 1.26 మీటర్లు. అంటే లావుపాటి చెట్లకు కందకం ఆ గీతకు లోపలే పడింది.

వేళ్లంటే తల్లివేరు ఒక్కటీ పాతాళానికి దిగి నీళ్లు తెస్తుందని అందరూ అనుకుంటారు. పెద్ద చెట్టు నీళ్లు తాగే పీచువేళ్లలో అత్యధిక భాగం పై 30, 45 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటుంది, అదీ కొమ్మల గొడుగు అంచు దాటి చాలా దూరం పాకి. ముప్పావు మీటరు కందకం ఆ పొరనంతా అడ్డంగా కోసేసింది. ఒక చోట తవ్వి చూశాం. కందకం గోడలో చిటికెనవేలంత, బొటనవేలంత వేళ్లు చీలికలై, పీకినట్టు తెగి ఉన్నాయి. యంత్రం పళ్లకు తగిలి తెగిన వేరు మొండి అలాగే ఉంటుంది. రంపంతో కోసిన వేరు తెగిన చోటు నుంచి కొత్త పిల్లవేళ్లు వేయడం తేలిక, ఇలా చీలినది మాను వైపు కుళ్లుకుంటూ పోవచ్చు.

రోడ్డు వైపు పేవర్ బ్లాకు ఒకటి లేపించి ఇనుప ఊచ దించాను. నాలుగు వేళ్ల లోతులో ఆగిపోయింది. గడ్డపారతో పొడిస్తే రాతిపొడి పెళ్లలుగా లేచింది. అలా అదిమిన నేలలో వేరు దూరే సందూ ఉండదు, వేరు ఊపిరి పీల్చే గాలీ ఉండదు. పడమటి చెట్లకు ఒక పక్క కోత, ఒక పక్క మూత.

"నీళ్లు పెడుతున్నారా?" అని పెద్దాయన్ను అడిగాను.

"రోజూ పెడుతూనే ఉన్నా సార్. మొదట్లోకే పైపు వేసి పాదు నిండా పెడుతున్నా. చూడండి, తడి ఆరనే లేదు."

నిజమే. మాను చుట్టూ అడుగు వెడల్పు పాదులో బురదగా ఉంది. మానుకు మూడు మీటర్ల దూరంలో ఊచ దించితే పొడి మట్టి తప్ప ఏమీ అంటుకోలేదు. నీళ్లు తాగే వేళ్లు ఉన్నచోట నీళ్లు లేవు, నీళ్లు ఉన్నచోట తాగే వేళ్లు లేవు. పైగా మాను మొదలు నిత్యం నానితే బెరడు కుళ్లే ప్రమాదం వేరే.

అక్టోబరులో తెగితే ఏప్రిల్‌లో ఎందుకు

సంస్థ ఇంజినీరు అడిగిన ప్రశ్న ఇదే, న్యాయమైన ప్రశ్న. కందకం తవ్విన నెలకో రెండు నెలలకో చెట్లు వాడి ఉంటే ఎవరైనా ఒప్పుకునేవారు. ఆరు నెలలు బాగానే ఉండి తర్వాత ఆకు రాలితే కందకానికేం సంబంధం?

తవ్విన సమయంలో నేల వానతడితో ఉంది, చలికాలంలో గాలి ఆకు నుంచి ఎక్కువ నీరు లాగదు. సగం వేళ్లతో కూడా చెట్టు నెట్టుకొచ్చింది. ఫిబ్రవరిలో ఎలాగూ ఆకు రాల్చే కాలం, కనుక నీటి ఖర్చు ఇంకా తగ్గింది. ఆ తర్వాత చిగురు వచ్చింది, అదీ నిండుగానే వచ్చింది. అందరినీ మోసం చేసింది అదే. చిగురు ఆ పూట సంపాదనతో రాదు, కిందటి ఏడాది కొమ్మల్లో, వేళ్లలో పిండి రూపంలో దాచుకున్న పొదుపుతో వస్తుంది. చెట్టు ఉన్నదంతా పెట్టి పాత లెక్క ప్రకారం ఆకు వేసేసింది. ఏప్రిల్‌లో వేడి, పొడిగాలి పెరిగేసరికి ఆ ఆకుకు కావాల్సిన నీటిని మిగిలిన వేళ్లు అందించలేకపోయాయి. ఆకు రంధ్రాలు మూసుకుంటే కొంతసేపు ఆగుతుంది. ఇంకా లాగితే కాండంలోని నీటి గొట్టాల్లో గాలి బుడగలు చేరి ధార తెగుతుంది. ఆ స్థితి రాకుండా చెట్టు ఆకును వదిలేసింది. అలా వదలలేకపోయిన కొమ్మలే ఎండిన ఆకుతో వేలాడుతున్నవి.

పొదుపు ఎంత మిగిలిందో చూడటానికి ఒక పాత పద్ధతి ఉంది. పెన్సిలంత వేరు కోసి, కోసిన ముఖం మీద పలుచటి అయోడిన్ చుక్క వేస్తే పిండి ఉన్నచోట నల్లనీలం తిరుగుతుంది. తూర్పు వరుస వేరు ముక్క నిమిషాల్లో నల్లబడింది. పడమటి వరుసలో నయంగా ఉన్న కొసచెట్టుది మధ్య నుంచి అంచుకు పోయే సన్నటి గీతల్లో మాత్రమే నీలంగా మారింది. మధ్య చెట్లవి అయోడిన్ పసుపు రంగులోనే ఉండిపోయాయి. కొలత కచ్చితమైనది కాదు, పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఇంజినీరుకు మాత్రం నా మాటలకంటే ఆ మూడు ముక్కలే నచ్చాయి.

చేసిన పని

మొదట ఆపించినవి: పురుగుమందు, మాను మొదట్లో నీళ్లు, అప్పటికే తెప్పించి పెట్టిన యూరియా బస్తాలు. నీళ్లు చాలని చెట్టుకు నత్రజని వేస్తే లేని పొదుపులోంచి ఇంకా ఆకు వేయమని తరిమినట్టే. కొమ్మలు బాగా నరికి చెట్టును తేలిక చేయాలని కూడా అనుకున్నారు. వేళ్లు పోయాయి కాబట్టి తలా తగ్గిద్దామనే ఆ వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఎంత ఆకు వదలాలో చెట్టు అప్పటికే తేల్చుకుంది. బతికున్న కొమ్మ నరికితే అందులో మిగిలిన పిండి, రేపు చిగురు వేయాల్సిన మొగ్గలు కూడా పోతాయి. నడకదారి మీద వేలాడుతున్న ఎండుకొమ్మలు మాత్రం తీయించాం. కోతలకు రంగు, తారు పూయనివ్వలేదు. పూతలు కుళ్లును ఆపవని చెట్ల కుళ్లుపై పరిశోధించిన అమెరికా శాస్త్రవేత్త అలెక్స్ షైగో దశాబ్దాల కిందటే చెట్లను నిలువునా కోసి చూపించాడు.

తర్వాత నీళ్లు. మాను నుంచి మీటరు వదిలి గొడుగు అంచు దాకా ఉన్న పట్టీలో, కందకం అవతల కూడా, సన్నటి ధారతో తడపమన్నాను. మాను అడ్డుకొలత ప్రతి సెంటీమీటరుకు సుమారు 15 లీటర్లు అన్నది పనికొచ్చే లెక్క, ఈ చెట్లకు ఒక విడతకు 525 నుంచి 630 లీటర్లు. రోజూ కాస్త కాస్త కాకుండా వారానికోసారి తనివితీరా. ఎంత సరిపోయిందో చెప్పేది లీటర్లు కాదు, ఊచ: మర్నాడు దించితే 30 సెంటీమీటర్ల దాకా తేలిగ్గా దిగాలి. పెద్దాయన ఊచ తన దగ్గరే పెట్టుకున్నాడు. రెండో వారానికి ఏ చెట్టు దగ్గర నేల ఎలా తాగుతుందో నాకంటే బాగా చెప్పాడు.

రాలిన ఆకును అప్పటిదాకా ఊడ్చి కాలుస్తున్నారు. దాన్నే తెచ్చి 7, 8 సెంటీమీటర్ల మందాన పరిపించాం, మానుకు జానెడు దూరం వదిలి. నేల చల్లబడుతుంది, తడి నిలుస్తుంది, కుళ్లేకొద్దీ మట్టి గుల్లబారుతుంది.

అసలు పేచీ పేవర్ బ్లాకుల దగ్గర వచ్చింది. కొత్తగా వేసినవి తీయడమేమిటని ఇంజినీరు, తీయకపోతే మిగతావన్నీ పై పూతలేనని నేను. చివరికి పడమటి వైపు ప్రతి చెట్టు చుట్టూ మాను నుంచి రెండు మీటర్ల వరకు బ్లాకులు, రాతిపొడి తీయడానికి ఒప్పందం కుదిరింది. నేను అడిగింది అంతకంటే ఎక్కువే. యంత్రం వద్దు, చేతి పనిముట్లతోనే, వేరు కనబడితే అక్కడ ఆపాలన్నది షరతు. కింద అదిమిన మట్టిని గాలి ఒత్తిడి పరికరంతో, మాను నుంచి బయటికి బండిచక్రం పుల్లల్లా పట్టీలుగా వదులు చేసి, బాగా మాగిన ఎరువు కొద్దిగా కలిపాం. కందకాన్ని తిరిగి తెరవలేదు. లోపల కంకర ఉన్నా ఆ పక్కనే కొత్త పీచువేళ్లు మొదలై ఉంటాయి, మళ్లీ తవ్వితే అవీ పోతాయి.

ఒక చెట్టును వదులుకోవాల్సి వచ్చింది. వరుసలో అన్నిటికంటే లావైనది, 42 సెంటీమీటర్ల మాను. గాలి వీచిన రోజు మాను మీద చెయ్యి పెట్టి నిలబడితే రోడ్డు వైపు నేల సన్నగా నెర్రె విచ్చుకుని మళ్లీ మూసుకుంటోంది. కందకం వైపు పట్టుకునే వేళ్లు లేవు. ఆకు తిరిగొచ్చేదే, తిరిగొచ్చిన ఆకు గాలికి తెరచాప అయ్యేది. పిల్లలు నడిచే దారి. దాన్ని కొట్టించమని రాసిచ్చాను, వానలకు ముందే కొట్టారు. మొద్దు లేపినప్పుడు కందకం వైపు వేళ్లన్నీ మొండాలే కనిపించాయి.

తర్వాత

తొలి వానలకు మిగిలిన తొమ్మిదిలో ఏడు మళ్లీ చిగురేశాయి. రెబ్బలు చిన్నవి, కణుపుల మధ్య దూరం తక్కువ, తలలో ఇంకా ఆకాశం కనిపిస్తోంది. అది ఊహించిందే. ఆ చిగురుకూ పొదుపే ఖర్చయింది గనక ఆ వానాకాలమంతా సంపాదించిన ఆకును కాపాడుకోవడం ముఖ్యమని, పురుగు నాలుగు ఆకులు తిన్నా మందు జోలికి పోవద్దని గట్టిగా చెప్పాను. ఎర్రనల్లి మందు ఆపాక దానంతటదే తగ్గింది, వానలు చాలావరకు కడిగేశాయి. మిగతా రెండు చెట్లకు నడితల ఎండింది. కింది నుంచి కొత్త కొమ్మలు లేస్తున్నాయి. చావు ఎక్కడ ఆగిందో స్పష్టంగా తేలాక బతికిన కొమ్మ చీలిక దాకా ఎండు తీసేశాం.

మరుసటి ఏప్రిల్‌లో పడమటి వరుస మళ్లీ ఆకు రాల్చింది, కానీ ముందటేడుతో పోలిస్తే కొద్దిగా, అదీ ఎక్కువగా పసుపు తిరిగాకే. చిగురు కూడా ఈసారి తక్కువే వేసింది, ఉన్న వేళ్లకు తగ్గట్టు. నాకు నమ్మకం కలిగించింది ఇదే. వేళ్లు తెగిన పెద్ద చెట్టు తేరుకుందో లేదో ఒక్క ఏడాదిలో తేలదు, మూడు నాలుగు ఎండాకాలాలు చూడాలి. నడితల ఎండిన ఆ రెండింటినీ మూడో ఎండాకాలం తర్వాతే ఉంచాలో తీయాలో చెబుతానన్నాను.

ఈలోగా తూర్పు వరుస వెంబడి నీటి గొట్టం వేయాల్సిన పని వచ్చింది. ఇంజినీరు ఈసారి తవ్వకముందే ఫోన్ చేశాడు. చెట్ల మండలం బయట రెండు గుంతలు తీసి, వాటి మధ్య మీటరు కంటే లోతుగా నేల కింద సొరంగంలా తొలిచి గొట్టం లాగారు. కందకం కంటే ఖర్చు ఎక్కువ అయింది. నయంగా ఉన్న ఆ 11 చెట్ల ఆకు అలాగే ఉంది.